ప్లాస్టిక్ స్టెబిలైజర్లు: చరిత్ర, కృష్ణా డెల్టాలో వాడుక

ప్లాస్టిక్ వస్తువులు వేడికీ ఎండకీ చెడిపోకుండా తయారీలోనే వాటిలో కలిపే రసాయనాలను స్టెబిలైజర్లు అంటారు. తెలుగు పాఠ్యగ్రంథాల్లో స్థిరీకారకాలు అనే మాట కనిపిస్తుంది. నూరు పాళ్ల ప్లాస్టిక్‌లో ఇవి సాధారణంగా నాలుగైదు పాళ్లు మించవు. కొన్ని రకాలు అర పాలు కూడా ఉండవు. వస్తువు ఎన్నాళ్లు మన్నుతుందన్నది మాత్రం చాలావరకు వీటిమీదే ఆధారపడుతుంది. వేడి స్టెబిలైజర్లు ముఖ్యంగా పీవీసీని కరిగించి పోత పోసేటప్పుడు కాపాడతాయి. కాంతి స్టెబిలైజర్లు పాలిథీన్, పాలీప్రొపిలీన్ వంటివాటిని ఆరుబయట వాడకంలో కాపాడతాయి. ఆక్సిజన్ దాడిని ఆపే యాంటీ ఆక్సిడెంట్లకు రెండు చోట్లా పని ఉంటుంది.

కృష్ణా డెల్టాలో పైపులు, ధాన్యం మీద కప్పే బరకాలు, ఎరువుల సంచులు, చేపల చెరువుల వలలు, మేడల మీది నీళ్ల ట్యాంకులు ఏడాది పొడవునా ఎండలో ఉంటాయి. రోళ్లు పగులుతాయని పేరున్న రోహిణి కార్తెకు ముందే, మే నెలలో, విజయవాడ ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ దాటిన సంవత్సరాలున్నాయి. చల్లని దేశాల వాతావరణానికి సరిపడా మందు వేసిన ప్లాస్టిక్ ఇక్కడ అన్నాళ్లు నిలవదు.

తొలి దశ

వస్తువుకు మందు పట్టించి కాపాడుకోవడం ప్లాస్టిక్ కంటే పాత అలవాటు: నైలాన్ రాకముందు శతాబ్దాల పాటు జాలర్లు నూలు వలలను చెట్ల బెరడు కషాయంలో నానబెట్టి మన్నిక పెంచుకున్నారు.

మానవుడు చేసిన తొలి ప్లాస్టిక్‌లలో ఒకటైన సెల్యులాయిడ్ మూలపదార్థం సెల్యులోజ్ నైట్రేటు. ఇది తనంతట తానే కుళ్లుతుంది. కుళ్లేటప్పుడు వెలువడే నైట్రోజన్ ఆక్సైడ్లు తేమతో కలిసి ఆమ్లంగా మారి, కుళ్లును ఇంకా వేగిరం చేస్తాయి. ఆ ఆమ్లాన్ని పీల్చుకోవడానికి సెల్యులాయిడ్‌లో యూరియా కలిపేవారు. ఇదే జాతికి చెందిన పొగలేని తుపాకిమందులో డైఫినైలమీన్ వాడారు. వేడి స్టెబిలైజర్ అనే ఆలోచనకు పునాది ఇక్కడే పడింది.

తెలుగు సినిమా పితామహుడిగా పేరుపొందిన రఘుపతి వెంకయ్య మచిలీపట్నం వారు. ఆయన కుమారుడు ప్రకాశ్ దర్శకత్వంలో 1921లో తయారైన మూకీ చిత్రం భీష్మ ప్రతిజ్ఞ నైట్రేటు ఫిల్ముల కాలం నాటిది. దాని ప్రతి నేడు దొరకడం లేదు. ఆ తరం దక్షిణాది చిత్రాలు చాలావరకు పోవడానికి కారణాలు అనేకం. వెండి కోసం పాత ఫిల్ములను కరిగించడం వాటిలో ఒకటి, ఉక్కపోత వాతావరణంలో నైట్రేటుకు ఆయువు తక్కువ కావడం మరొకటి. 1950ల తొలినాళ్లలో నైట్రేటు స్థానంలోకి వచ్చిన అసిటేటు ఫిల్ము మంటకు జడవదు. కానీ వేడి, తేమ చేరితే అదీ వెనిగర్ వాసన కొడుతూ ముడుచుకుపోతుంది. విజయవాడ గాంధీనగర్‌లోని పంపిణీ కార్యాలయాల నుంచి డబ్బాల్లో ఊరూరా తిరిగిన ఫిల్ములకు ఈ రెండు పదార్థాల బలహీనతలూ వారసత్వంగా వచ్చాయి.

పీవీసీ, వేడి స్టెబిలైజర్లు

వినైల్ క్లోరైడు వాయువును 1835లో ఫ్రాన్స్ శాస్త్రజ్ఞుడు రెనో తయారుచేశాడు. 1872లో జర్మనీలో బౌమన్, ఎండలో ఉంచిన ఆ వాయువు తెల్లటి ఘనపదార్థంగా మారడం గమనించాడు. అదే పీవీసీ. 1912, 1913 సంవత్సరాల్లో గ్రీస్‌హైమ్ ఎలెక్ట్రాన్ సంస్థ రసాయనవేత్త ఫ్రిట్జ్ క్లాటే దీనికి పేటెంట్లు సంపాదించాడు. అయినా వస్తువుగా మలచడం సాధ్యపడలేదు. కరిగేంత వేడి చేస్తే, కరిగేలోపే మాడిపోయేది.

పీవీసీ అణుగొలుసులో ప్రతి రెండో కర్బన పరమాణువుకు ఒక క్లోరిన్ అతికి ఉంటుంది. ఉష్ణోగ్రత నూరు డిగ్రీలు దాటేసరికి, గొలుసులో బలహీనంగా ఉన్న చోట క్లోరిన్, పక్కనున్న హైడ్రోజన్‌తో కలిసి హైడ్రోజన్ క్లోరైడు వాయువుగా వెళ్లిపోతుంది. ఆ చోట ద్విబంధం మిగులుతుంది. దాని పక్కనున్న క్లోరిన్ అంతకంటే తేలిగ్గా ఊడుతుంది. ఇలా ద్విబంధాలు వరుసగా ఆరేడు చేరితే పదార్థం పసుపు పచ్చగా కనిపిస్తుంది. వరుస పెరిగేకొద్దీ గోధుమరంగు, ఆపైన నలుపు వస్తాయి. వెలువడిన ఆమ్లవాయువు ఈ క్షయాన్ని తొందర చేస్తుంది, యంత్రపు ఉక్కునూ తినేస్తుంది. పైపు తీసే ఎక్స్‌ట్రూడర్‌లో పీవీసీ 170 నుంచి 200 డిగ్రీల దాకా వేడెక్కాలి. కాబట్టి స్టెబిలైజర్ లేనిదే పీవీసీ పరిశ్రమ లేదు.

1926లో అమెరికాలోని బి.ఎఫ్. గుడ్రిచ్ సంస్థలో వాల్డో సెమన్, పీవీసీని ఎక్కువ మరుగుస్థానం గల ద్రావకాలలో వేడిచేసి మెత్తని, సాగే పదార్థాన్ని రాబట్టాడు. దీంతో పీవీసీకి గిరాకీ పుట్టింది. దానితోపాటే మాడకుండా కాపాడే మందుకూ గిరాకీ పుట్టింది. 1930లలో సీసపు లవణాలు రంగంలోకి వచ్చాయి. ఇవి ఆమ్లాన్ని పట్టి సీసపు క్లోరైడుగా మారతాయి. ఆ క్లోరైడు నీటిలో అంతగా కరగదు, విద్యుత్తును మోయదు, పీవీసీకి హాని చేయదు. అందుకే విద్యుత్ తీగల తొడుగుకు, ఆ తరువాత పైపులకు ట్రైబేసిక్ సీసపు సల్ఫేటు, సీసపు స్టియరేటు దశాబ్దాల పాటు తిరుగులేని మందులయ్యాయి. 1936లో విక్టర్ యింగ్వే తగరపు సేంద్రియ సమ్మేళనాలకు పేటెంటు దరఖాస్తు చేశాడు. సీసంతో అద్దంలాంటి వస్తువులు రావు, తగరంతో వస్తాయి. రెండో ప్రపంచయుద్ధం తరువాత బేరియం–కాడ్మియం సబ్బులు మెత్తని పీవీసీ షీట్లలో వ్యాపించాయి. 1959లో ఫ్రై, హోర్స్ట్ అనే పరిశోధకులు, ఈ లోహపు సబ్బులు ఆమ్లాన్ని పీల్చడంతో ఆగకుండా, ఊడబోయే క్లోరిన్ స్థానంలో గట్టిగా నిలిచే ఎస్టర్ గుంపును అతికిస్తున్నాయని చూపారు. అప్పటిదాకా అనుభవం మీద సాగిన వృత్తికి శాస్త్రీయమైన ఆధారం కల్పించిన విలువైన పని ఇది.

భారతదేశంలో పీవీసీ ఉత్పత్తి 1961లో బొంబాయిలో కాలికో సంస్థతో మొదలైంది. 1967లో తమిళనాడులోని మెట్టూరులో కెమ్‌ప్లాస్ట్ కర్మాగారం వచ్చింది. తెలుగునాట పైపుల తయారీ ఊపందుకున్నది ఆ తరువాతి రెండు దశాబ్దాల్లో. భాభా అణు పరిశోధన కేంద్రంలో ఇంజనీరు ఉద్యోగం వదిలి వచ్చిన ఎస్.పి.వై. రెడ్డి, మొదట నల్ల పైపులు చేసి, 1984లో నంద్యాలలో నంది పైపులతో పీవీసీలోకి దిగారు. హైదరాబాద్–విజయవాడ రహదారి మీది సూర్యాపేటలో సుధాకర్ పైపులు ఎదిగాయి. ఇనుప గొట్టం కొనలేని రైతుకు ఈ పైపులు చేసిన మేలు చిన్నది కాదు.

సీసం నిషేధం

డెల్టా తీరప్రాంతంలో, ముఖ్యంగా బందరు, నాగాయలంక, దివిసీమ వైపు, భూగర్భజలం ఉప్పన. కాలవ నీటిని చెరువులకు పట్టి, శుద్ధి చేసి, పైపుల ద్వారా ఊళ్లకు పంపాలి. ఇక్కడ తాగేది పైపు నీళ్లే కాబట్టి పైపులో ఏముందన్న ప్రశ్న మరింత బరువైనది.

సీసం గట్టి పీవీసీలో చాలావరకు బందీగానే ఉంటుంది. అయితే కొత్త పైపు లోపలి పొర నుంచి మొదట్లో కొంత నీటిలోకి దిగుతుంది. నీరు ఆమ్లగుణం కలదైతే మరికాస్త ఎక్కువ దిగుతుంది. పసిపిల్లల మెదడు ఎదుగుదలకు సీసం ఏ మోతాదులోనూ క్షేమం కాదని వైద్యశాస్త్రం తేల్చింది. యూరపు పీవీసీ పరిశ్రమ తనంతట తానే గడువు పెట్టుకుని 2015 నాటికి సీసాన్ని మానేసింది. మన దేశంలో 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఈ విషయంలో కేంద్ర పర్యావరణ శాఖకు ఆదేశాలిచ్చింది. 2021లో పీవీసీ పైపులు, ఫిట్టింగుల్లో సీసపు స్టెబిలైజర్లపై నిబంధనలు వెలువడ్డాయి. ఇది రావలసిన కాలానికి చాలా ఆలస్యంగా వచ్చిన మంచి చర్య.

సీసం బదులు ముఖ్యంగా కాల్షియం–జింకు మిశ్రమాలు వాడుతున్నారు. వీటితో పని సున్నితమైనది. జింకు క్లోరిన్ స్థానాన్ని త్వరగా సరిచేస్తుంది కానీ, తాను మారిన జింకు క్లోరైడే పీవీసీని ఒక్కసారిగా నల్లగా మాడ్చగలదు. కాల్షియం సబ్బు ఆ క్లోరిన్‌ను తన మీదికి తీసుకుని జింకును మళ్లీ పనిలోకి పంపుతుంది. హైడ్రోటాల్‌సైట్ వంటి ఖనిజాలు మిగిలిన ఆమ్లాన్ని పడతాయి. వేడి కొద్దిగా అదుపు తప్పినా సరుకు పాడవుతుంది గనుక, సీసానికి అలవాటుపడిన చిన్న కర్మాగారాలకు యంత్రాలపై కొత్త అదుపు అవసరమైంది.

ఎండ, కాంతి స్టెబిలైజర్లు

సూర్యకాంతిలో 290 నుంచి 400 నానోమీటర్ల మధ్యనున్న అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్ బంధాలను తెంచుతాయి. తెగిన చోటికి ఆక్సిజన్ చేరి పెరాక్సైడుగా మారుతుంది, అది విరిగి మరో రెండు చోట్ల తెంపు పెడుతుంది. 1933లో ఇంగ్లండులో ఐసీఐ శాస్త్రజ్ఞులకు దొరికిన పాలిథీన్ ఈ దాడికి లొంగుతుంది. 1954లో ఇటలీలో నట్టా తయారుచేసిన పాలీప్రొపిలీన్ అంతకంటే త్వరగా లొంగుతుంది. మందు లేని పాలీప్రొపిలీన్ దారాన్ని ఎండలో వదిలితే నెలల్లోనే పొడిగా రాలుతుంది.

అన్నిటిలోకి చవక, నమ్మకమైన మందు కార్బన్ బ్లాక్, అంటే మసి. 1950లో బెల్ ప్రయోగశాలల పరిశోధకులు ఆరుబయట పరీక్షల ఫలితాలు ప్రకటించి, సన్నని మసిరేణువులు రెండు శాతానికి కాస్త పైగా సమంగా కలిస్తే పాలిథీన్ ఏళ్ల తరబడి నిలుస్తుందని నిరూపించారు. మన ఐఎస్ 4984 ప్రమాణం కూడా హెచ్‌డీపీఈ పైపులో 2.5 శాతం అటూ ఇటూగా మసి ఉండాలని నిర్దేశించింది. పొలాల్లోని నల్ల పైపూ, 1975లో గుజరాత్‌లో మొదలై ఇంటింటా సింటెక్స్ ట్యాంకుగా స్థిరపడిన నల్లని నీళ్ల ట్యాంకూ, 2003 నవంబరులో ప్రారంభమైన సూక్ష్మసేద్య పథకం ద్వారా ఆంధ్రప్రదేశ్‌లోని మెట్ట పొలాలకు చేరిన డ్రిప్ గొట్టాలూ నల్లగా ఉండటానికి కారణం ఇదే.

రంగు వద్దనుకున్న చోట మసి పనికిరాదు. 1950లలో బెంజోఫినోన్లు, బెంజోట్రయజోల్‌లు వచ్చాయి. ఇవి అతినీలలోహిత కిరణాలను పీల్చి వేడిగా మార్చి వదిలేస్తాయి. మందమైన వస్తువు లోపలి భాగాన్ని చక్కగా కాస్తాయి. పలుచటి పట్టీలో, దారంలో వీటి బలం చాలదు. 1970లలో జపాన్‌లోని శాంక్యో సంస్థలో మురయామా బృందం కృషితో, స్విట్జర్లాండుకు చెందిన సీబా–గైగీ తోడ్పాటుతో వచ్చిన హాల్స్ అనే అమీన్ సమ్మేళనాలు ఆ లోటు తీర్చాయి. ఇవి కాంతిని పీల్చవు. తెగిన కొసలను పట్టుకుని, పని ముగిశాక మళ్లీ మొదటి రూపానికి వచ్చి ఇంకో కొసను పడతాయి. ఈ చక్రం వల్ల కొద్దిపాటి మోతాదే సంవత్సరాల తరబడి పనిచేస్తుంది. నేసిన ఎరువుల సంచి, బరకం, షేడ్‌నెట్ నేటి మన్నిక సాధించాయంటే ఆ ఘనత ఎక్కువగా హాల్స్‌దే.

వీటికో శత్రువుంది. ఆమ్లాలు, గంధకం, క్లోరిన్ తగిలితే హాల్స్ నిర్వీర్యమవుతాయి. నూజివీడు మామిడి తోటల్లో బూడిద తెగులుకు గంధకం చల్లడం, మిరపకు పురుగుమందులు విస్తారంగా కొట్టడం ఈ ప్రాంతంలో మామూలు. అలాంటి చోట్ల కప్పిన షీట్లు, నెట్లు అనుకున్న గడువుకు ముందే పెళుసుబారతాయి. దీనికి మందుగా ఆమ్లాన్ని తట్టుకునే ఎన్‌ఓఆర్ రకం హాల్స్ వచ్చాయి. వాటి ధర ఎక్కువ.

డెల్టాలో వాడుక

దాళ్వా (రబీ) కోతలు ఎండలు ముదిరే రోజుల్లో, సార్వా (ఖరీఫ్) కోతలు తుపాన్ల రోజుల్లో పడతాయి. రెండిటికీ బరకాలు కావాలి. మంచి బరకం కొన్నేళ్లు వస్తుంది. మందు సరిగా లేనిది ఒక వేసవికే మడత దగ్గర చీలుతుంది. కొనేటప్పుడు కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. నేసిన హెచ్‌డీపీఈ బరకాలకు ఐఎస్ 7903 ప్రమాణం ఉన్నా, అంగడిలో చాలామంది బరువూ రంగూ చూసి కొంటారు.

కొల్లేటి చుట్టూ, కైకలూరు ప్రాంతంలో 1970ల నుంచి చేపల చెరువులు, ఆ తరువాత రొయ్యల చెరువులు విస్తరించాయి. ఏరియేటర్ల చక్రాలు, తేలియాడే డబ్బాలు, గట్టు మీది లైనర్లు, పక్షులు వాలకుండా కట్టే వలలు, అన్నీ నీడ లేని చోట్లే ఉంటాయి. నైలాన్ వలలు ఎండకు బలం కోల్పోతాయని జాలర్లకు అనుభవంలో తెలుసు. వాడకం లేనప్పుడు నీడన దాస్తారు. 1957లో ఏర్పడిన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ వలదారాలను ఆరుబయట ఉంచి బలం తరుగుదలను కొలిచింది. ఆ సంస్థకు విశాఖపట్నంలో పరిశోధన కేంద్రం ఉంది.

ప్లాస్టిక్ పరీక్షలకూ శిక్షణకూ దేశంలో పెద్దదిక్కయిన సీపెట్ 1968లో మద్రాసులో ఆరంభమైంది. హైదరాబాద్ శాఖ తరువాత, గన్నవరం మండలం సూరంపల్లిలో విజయవాడ కేంద్రానికి 2019లో సొంత ప్రాంగణం అమరింది. వస్తువును కృత్రిమ ఎండలో వారాల పాటు ఉంచి సంవత్సరాల మన్నికను అంచనా కట్టే పరీక్షలు ఇటువంటి కేంద్రాల పనిలో భాగం.

భద్రత, పర్యావరణం

స్టెబిలైజర్లకు దగ్గరి బంధువులు ఇన్హిబిటర్లు. ఇవి ప్లాస్టిక్‌గా మారాల్సిన ముడిద్రవం నిల్వలోనే గడ్డకట్టకుండా ఆపుతాయి. 2020 మే 7న విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. ట్యాంకులో టీబీసీ అనే ఇన్హిబిటర్ చాలినంత లేకపోవడం కారణాలలో ఒకటని రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ పేర్కొంది.

కాంతి స్టెబిలైజర్లలో యూవీ–328 అనే బెంజోట్రయజోల్ ప్రకృతిలో నశించక, జీవుల్లో పేరుకుంటుందని తేలడంతో 2023లో స్టాక్‌హోమ్ ఒప్పందం నిషేధ జాబితాలో చేర్చారు. తిరిగి కరిగించిన పాత ప్లాస్టిక్‌లో మొదటి మందు చాలావరకు ఖర్చయి ఉంటుంది. కొత్తగా కలపకపోతే దానితో చేసిన బకెట్లు, గొట్టాలు త్వరగా పగులుతాయి. 2021కి ముందు డెల్టా గ్రామాల్లో పాతిన పీవీసీ పైపుల్లో సీసపు రకాలు ఎన్నో ఇంకా భూమిలో వాడుకలోనే ఉన్నాయి. వాటిని తవ్వితీసి పొడిచేసి కొత్త సరుకులో కలిపితే సీసం కూడా అందులోకి చేరుతుంది. అందుచేత పాత పైపుల తునకలను తాగునీటి పైపుల తయారీకి దూరంగా, విడిగా సేకరించాలి.