జాబితానుండి వరుసల నేరుట



ఒక పెద్ద జాబితా యున్నది. అందు మనకు కావలసిన వరుసలు కొన్నియే. తక్కినవాని జోలికి పోక ఆ కొన్నింటిని మాత్రము పైకి దీయవలెను. ఈ పనిని నేడు కంప్యూటరు రెప్పపాటులో చేయుచున్నది గనుక ఇది క్రొత్తవిద్య యని మన పిల్లలు తలంచుచున్నారు. నా యభిప్రాయ మట్లు కాదు. మన కరణము లీ విద్యను కవిలెకట్టలతో నెరపిరి. వ్యాకరణము చదివినవారు దానిని అంతకు మున్నే యెరుగుదురు. దీని చరిత్రను, దీనివలన మన తెలుగుసీమ భూములకు వాటిల్లిన యొక చిక్కును నేడు ముచ్చటింతును.

మొదట మన లెక్కల సంగతి. మా చందర్లపాడు కృష్ణకు ఉత్తరపుటొడ్డున నున్న మెట్టసీమలోనిది. 2022 ఏప్రిలు 4వ తేదీనుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది గాని, మాబోటి వృద్ధుల నోట నిప్పటికిని కృష్ణా జిల్లాయే. చెన్నపురి ప్రభుత్వము 1802లో జమీందారులతో శాశ్వతముగా పేష్కషు నిర్ణయించినపుడే కరణముల విధులనుగూర్చియు నొక రెగ్యులేషను చేసెను. పిమ్మట గ్రామములందు నడచిన లెక్కలలో మీరందరు ఎరిగినవి రెండు: అడంగలు, చిట్టా. అడంగలు సర్వే నెంబరు క్రమమున నడచును. ఏ పొలములో ఏ పైరున్నదో చెప్పును. చిట్టా రైతు క్రమమున నడచును. ఏ రైతునకు ఏయే పొలములున్నవో చెప్పును. విషయ మొక్కటియే, వ్రాత రెండు మారులు. ఎందుకని? అడంగలులో "ఈ రైతు భూమి యెంత?" యని యడిగినచో కరణము మొదటి పుటనుండి తుదిపుటవరకు వ్రేలు పెట్టి నడపవలసి వచ్చును. ఆ ప్రశ్న తరుచుగా వచ్చును గనుక దానికొక ప్రత్యేకపు లెక్కను ముందుగనే సిద్ధపరచి యుంచెను. జమాబందికి వచ్చిన యధికారి "పైరెండిన పొలములెన్ని? అందు చెరువుక్రిందివెన్ని?" యని యడిగినపుడు మంచి కరణము తడువుకొనక చెప్పుటలోని రహస్యమిదియే.

ఇక వ్యాకరణము. పాణినీయులు పఠించెడి ధాతుపాఠమున సుమారు 2,000 ధాతువులు పది గణములుగా నున్నవి. అదియొక జాబితా. పెక్కు ధాతువులకు తలకో తోకకో కొన్ని యక్షరములు తగిలించి యుండును. వీనిని ఇత్తు లందురు. ప్రయోగములో నవి నిలువవు. గుర్తులుగా మాత్రమే పనిచేయును. "చేయు" అను నర్థముగల కృ ధాతువు అచట డుకృఞ్ అని పఠింపబడినది. తుది ఞకారము ఆ ధాతువు పరస్మైపద ఆత్మనేపదములు రెంటిని పొందునని తెలుపును. మొదటి డు వేరొక ప్రత్యయమునకు గుర్తు. "డు తగిలిన ధాతువుల కీ ప్రత్యయము వచ్చును" అను తాత్పర్యముగల సూత్ర మొకటి యున్నది. మనము దినదినము పలికెడు "కృత్రిమము" అను మాట యట్లేర్పడినదే. వంటను చెప్పు పచ్ ధాతువునకును డు కలదు గనుక "పక్త్రిమము" సిద్ధించును. సూత్రకారుడు ధాతువులను పేరుపేరున పిలువలేదు. గుర్తును చెప్పి యూరకుండెను. గుర్తున కర్థమేమో శాస్త్రములోనే తేల్చియుంచెను గనుక రెండువేల యేండ్లు గడచినను ఏరుటలో సందేహము రాలేదు. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు; మీదట పని కలదు.

పాశ్చాత్యులకు ఈ యవసరము జనాభా లెక్కలయందు తీవ్రముగా తోచెను. అమెరికాలో 1880వ సంవత్సరపు లెక్కలను తేల్చుటకు ఏడెనిమిదేండ్లు పట్టినది. హెర్మన్ హోలెరిత్ అను నాతడు 1890వ సంవత్సరపు లెక్కలకు మనిషికొక అట్టముక్క నేర్పరచి, వయస్సు, వృత్తి మొదలగువానికి తగినచోట్ల రంధ్రములు పొడిపించెను. అట్టపై సూదులు దిగును. రంధ్రమున్నచోట సూది క్రిందనున్న పాదరసమును తాకి విద్యుత్తు ప్రవహించును. లెక్కముల్లు ఒక గీత జరుగును. తగిన పెట్టెమూత తెరచుకొనును. మన దేశములో యంత్రము లేకయే ఆ పనిని సాధించిరి. 1901వ సంవత్సరపు లెక్కలలో మనిషికొక చీటి వ్రాసిరి. మతమునుబట్టి చీటిరంగు, స్త్రీపురుష భేదమునుబట్టి చీటిమీద చిహ్నము. గుమాస్తాలు వానిని అరలలో వేసి యెంచిరి. అచట యంత్రము చేసినదానిని ఇచట కన్నును చేయియు చేసినవి.

ఒకటికి మించిన నియమములు కలిసినపుడు మాటల యర్థమును బిగించి పట్టవలెను. "మరియు, లేక, కాదు" అను మూటిని గణితమువలె నడిపినవాడు జార్జి బూలు. 1854లో నతడు గ్రంథము ప్రకటించెను. ఈతని భార్య మేరీ మన దేశపు సర్వేయరు జనరలుగా నుండిన ఎవరెస్టు దొరకు సోదరుని కుమార్తె. ఆ దొర కృష్ణాగోదావరుల నడిమి యడవులలో భూమి కొలచుచు విషజ్వరమున బడి, 1820లో కోలుకొనుటకై దక్షిణాఫ్రికా పోయెను. ఇది ప్రస్తుతమునకు దూరమైనను చెప్పక విడువ మనసొప్పలేదు. అటుండనిండు. "నందిగామ, జగ్గయ్యపేట రైతుల పేర్లు తీయుము" అని మనము మనిషితో ననిన అతడు రెండుచోట్లవారిని తీయును. యంత్రముతో "నందిగామ మరియు జగ్గయ్యపేట" అనినచో ఒక్క వరుసయు రాదు. ఒకే పొలము రెండూళ్లలో నుండదు గదా! అచట "లేక" యనవలెను.

కాడ్ అను ఆంగ్లేయుడు అమెరికాలోని ఐ.బి.యం. సంస్థలో పనిచేయుచు 1970లో నొక వ్యాసము ప్రకటించెను. అంతకుముందు యంత్రములోని సమాచారమును పొందగోరువాడు అది యెచట, ఏ త్రోవన దాచబడెనో యెరిగి యుండవలసి వచ్చెడిది. కాడ్ సమాచారమంతయు అడ్డువరుసలు, నిలువుగడులుగల పట్టికలుగా నుండవలెననియు, అడుగువాడు నియమము చెప్పిన చాలుననియు, త్రోవను యంత్రమే వెదకుకొనవలెననియు సిద్ధాంతీకరించెను. ఆ సంస్థలోనే చాంబర్లిన్, బాయిస్ అనువారు 1974లో దానికొక భాషను కూర్చిరి. అందు ప్రశ్నకు మూడంగములు: సెలెక్ట్, ఫ్రమ్, వేర్. అనగా ఏది కావలెను, ఏ పట్టికనుండి, ఏ నియమమునకు లోబడినవి. కరణము అడంగలునకు తోడు చిట్టా వ్రాయుట యెందుకో చెప్పితిని. ఇచట ప్రశ్న మారినపుడెల్ల క్రొత్త లెక్కను వ్రాయ బనిలేదు.

అయితే గడి ఖాళీగా నున్నచో? ఈ సందేహమును కంప్యూటరు కొలువులో నున్న నా పూర్వశిష్యు నొకని నడిగితిని. "మాస్టారూ, ఖాళీ గడి అవునూ కాదండీ, కాదూ కాదండీ. తెలియదు, అంతే" అనెను. "అయితే ఆ వరుస యెటు పోవును, నాయనా?" యంటిని. "ఎటూ పోదండీ. ఏ జాబితాలోనూ రాదు" అనెను. నూరు వరుసలున్న పట్టికలో "పట్టాభూములు" అడుగగా అరువది వచ్చినవనుకొందము. "పట్టా కానివి" యడుగగా ముప్పది వచ్చినవనుకొందము. తక్కిన పది? వాని గడిలో ఏమియు వ్రాసియుండలేదు. యంత్రము తప్పు చేయలేదు. ఎవ్వడును ఆ పదింటిని అడుగలేదు. న్యాయశాస్త్రము చదివినవారికి సంశయము వేరు, అభావము వేరు. ఈ భేదమును యంత్రమునకు నేర్పినవారు మెచ్చదగినవారే. ప్రశ్న వేయు మనుష్యులే దానిని మరచుచుందురు.

మరచిన ఫలము మన రాష్ట్రములో చుక్కల భూములయందు కానవచ్చినది. బ్రిటిషువారి నాటి రీసెటిల్మెంటు రిజిస్టరులో, భూమి యెవరిదో తేలనపుడు, హక్కుదారుడు ముందుకు రానపుడు, పట్టాదారు గడిలో పేరునకు మారుగా చుక్కలు పెట్టిరి. నా దృష్టిలో నా చుక్కల కర్థము "తెలియదు" అనియే. సర్కారుదని కాదు, రైతుదనియు కాదు. ఆ భూములను తరతరములుగా దున్నుకొనుచున్నవారు లక్షలకొలది యెకరములందు కలరు. ఊరికరణమునకు ఆ చుక్కల వెనుక నెవరున్నారో తెలిసియుండెడిది. 1984లో కరణముల యుద్యోగములు రద్దయినవి; వంశపారంపర్యపు పెత్తనము పోవుట మంచిదే యని నా మతము, కాని ఆ తెలివియు దానితో వెడలిపోయినది. పిదప రిజిస్ట్రేషను చట్టపు 22-ఎ నిబంధనక్రింద అమ్మరాని, కొనరాని భూముల జాబితాలు సిద్ధమైనపుడు, పట్టాదారు గడిలో చుక్కలున్న వరుసలు అందులో జేరినవి. ఏరుటకు గుర్తు చుక్క. కాని దాని యర్థమును పాణినివలె ముందుగా నెవ్వరు తేల్చియుంచిరి? తాత దున్నిన చేనిని మనుమడు బిడ్డ పెండ్లి కమ్మబోగా, రిజిస్ట్రారు కచేరీలో "ఇది నిషిద్ధము" అని వినవలసి వచ్చెను. బ్యాంకిలో తాకట్టుకును పనికి రాదయ్యెను.

2017లో రాష్ట్రప్రభుత్వము దీనికై ప్రత్యేకముగా నొక చట్టము చేసెను. దాని పేరులోనే రీసెటిల్మెంటు రిజిస్టరును సవరించుట యను మాట యున్నది. అనగా అనుభవమును, దాఖలాలను పరిశీలించి, చుక్కలున్నచోట పేరు వ్రాయుట. ఇది వరుస వరుసను విడిగా విచారించెడు పద్ధతి గనుక నెమ్మదిగా సాగినది. 2023 మే 12వ తేదీన కావలిలో ముఖ్యమంత్రి, ప్రభుత్వపు లెక్క ప్రకారము 97,471 మంది రైతులకు చెందిన 2,06,171 ఎకరముల చుక్కల భూములను నిషిద్ధపు జాబితానుండి తొలగించినట్లు ప్రకటించెను. గుంపుగా చేర్చినవానిని గుంపుగా తీసివేయుట త్వరితమైన పని. రైతునకు వెంటనే ఊపిరి వచ్చినది. అయినను నాకు మొదటి పద్ధతియే నచ్చినది. జాబితానుండి తీసినంతమాత్రమున మూలపు రిజిస్టరులోని గడి నిండదు గదా.

2015లో వచ్చిన మీభూమి యందు సర్వే నెంబరు చెప్పియు, ఖాతా నెంబరు చెప్పియు, పట్టాదారు పేరు చెప్పియు వరుసను వెదకవచ్చును. పేరుతో వెదకువారు దస్త్రములో నెట్లు వ్రాసియున్నదో యట్లే చెప్పవలెను. వేంకటేశ్వరులు, వెంకటేశ్వర్లు యంత్రమునకు ఇరువురు మనుష్యులు. కాబట్టి సర్వే నెంబరుతో వెదకుట మేలు. వెదకినపుడు పట్టాదారు గడితోపాటు అనుభవదారు గడినికూడ చూచి, రెంటిలో నేదైన ఖాళీగా నున్నచో మూలపు రిజిస్టరులోని ఆ వరుసకు నకలు తెచ్చుకొని యింట నుంచుకొనుడు.