అనుబంధం మారితే ఆటగాడికి ఏమవుతుంది? దక్షిణ రాయలసీమ కళాశాలలు, అమెరికా కాన్ఫరెన్సులు: ఒక పరిశీలన

ఐరాల మండలంలోని ఒక ఇంట్లో ముగ్గురు పిల్లలు కబడ్డీ ఆడతారనుకుందాం. చిత్తూరులో డిగ్రీ చదివే తమ్ముడు ఎంపికైతే శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం జట్టులో ఆడతాడు. అనంతపురం జేఎన్‌టీయూ అనుబంధ ఇంజనీరింగ్ కళాశాలలో చదివే అన్నది ఆ విశ్వవిద్యాలయం జట్టు. తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో చేరిన అక్కది మూడో జట్టు. ఎవరు ఎవరి పక్షాన ఆడాలో తేల్చేది కళాశాల అనుబంధమే. అది మారినప్పుడు ఆటగాడికి ఒరిగిందేమిటి, పోయిందేమిటి అన్నదే ఈ వ్యాస విషయం.

మన పద్ధతిలో మెట్లు స్పష్టంగా ఉన్నాయి. అంతర్ కళాశాలల పోటీల్లో రాణించినవారు విశ్వవిద్యాలయ జట్టుకు ఎంపికవుతారు. ఆ జట్టు భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం ఆధ్వర్యంలో జరిగే సౌత్ జోన్ పోటీలకు, అక్కడ నెగ్గితే అఖిల భారత పోటీలకు వెళ్తుంది.

అనుబంధాలు మన దగ్గర ఎలా మారాయో చూద్దాం. తిరుమల తిరుపతి దేవస్థానం 1945లో నెలకొల్పిన ఎస్వీ ఆర్ట్స్ కళాశాల మొదట మద్రాసు విశ్వవిద్యాలయం పరిధిలో ఉండేది. 1954లో తిరుపతిలోనే శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం (ఎస్వీయూ) వెలిశాక దాని కిందికి వచ్చింది. తర్వాత ఎస్వీయూ తొలి పరిధే ముక్కలవుతూ వచ్చింది. అనంతపురంలో 1981లో శ్రీకృష్ణదేవరాయ, కడపలో 2006లో యోగి వేమన, 2008లో కర్నూలులో రాయలసీమ, నెల్లూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి.

దీనితో అవకాశాలు పెరిగాయి. కబడ్డీ బరిలో దిగేది 7 మందే. ఒకే విశ్వవిద్యాలయం ఉంటే ఇంత ప్రాంతానికీ ఆ 7 చోట్లే. ఈ ఐదు విశ్వవిద్యాలయాలూ జట్లు పంపితే 35. అయితే కడప కుర్రాడు, తిరుపతి కుర్రాడు ఒకే శిక్షణ శిబిరంలో రాటుదేలే వీలు పోయింది.

అమెరికాలో కథ వేరు. అక్కడ ఏ కాన్ఫరెన్సులో, అంటే తమలో తాము పోటీపడే విశ్వవిద్యాలయాల ఏ కూటమిలో ఉండాలో విశ్వవిద్యాలయాలే నిర్ణయించుకుంటాయి. ఫుట్‌బాల్ ప్రసారాలపై కళాశాల క్రీడల జాతీయ సంఘం ఎన్‌సీఏఏ పెత్తనం చెల్లదని 1984లో సుప్రీంకోర్టు తీర్పిచ్చాక, టీవీ ఒప్పందాల సొమ్ము ఆ నిర్ణయాలను నడిపించసాగింది. 1915లో పుట్టిన పసిఫిక్ తీరపు కూటమి పాక్-12 నుంచి యూసీఎల్ఏ, యూఎస్‌సీ విశ్వవిద్యాలయాలు బిగ్ టెన్ అనే మరో కాన్ఫరెన్సుకు వెళ్తామని 2022లో ప్రకటించాయి. 2024 నాటికి పాత సభ్యుల్లో ఓరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ మాత్రమే మిగిలాయి. పసిఫిక్ వైపు ఉన్న స్టాన్‌ఫర్డ్ అట్లాంటిక్ తీరం పేరున్న కాన్ఫరెన్సులో చేరింది. ఫుట్‌బాల్ కోసం కుదిరిన ఈ ఒప్పందాల వల్ల వాలీబాల్, సాఫ్ట్‌బాల్ ఆడే విద్యార్థులు కూడా తరగతులు వదిలి దేశం ఆ చివరకు ప్రయాణించాల్సి వస్తోంది.

రెంటినీ పక్కపక్కన పెడితే ఒక తేడా స్ఫుటంగా కనిపిస్తుంది. మన దగ్గర అనుబంధం మారినా జోన్ మారలేదు. జట్టు ఆటగాడి ఊరికి దగ్గరైంది. అక్కడ రాబడి పెరిగి, జట్లకు పొరుగు ప్రత్యర్థులు దూరమయ్యారు. భౌగోళిక జోన్ల పద్ధతిని మనం పదిలంగా కాపాడుకోవాలి. పోయిన ఉమ్మడి శిబిరం లోటు తీరాలంటే ఈ ఐదు విశ్వవిద్యాలయాలూ కలిసి, సౌత్ జోన్‌కు ముందు ఏటా ఒక ఉమ్మడి పోటీ నిర్వహించాలి.