పత్తి, అప్పు, టార్పెడో: అమెరికా యుద్ధంలోకి దిగిన దారి

1914 ఆగస్టు 4న అధ్యక్షుడు వుడ్రో విల్సన్ అమెరికా తటస్థతను ప్రకటించాడు. ఐరోపా తగాదాల్లో తలదూర్చకపోవడం ఆ దేశానికి జార్జి వాషింగ్టన్ నాటి నుంచీ ఉన్న అలవాటు. పైగా జర్మన్, ఐరిష్ మూలాలవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఇంగ్లండ్ వైపు మొగ్గితే ఇంట్లోనే చిచ్చు రేగేది.

యుద్ధం సెగ మొదట దక్షిణాది పత్తి చేలకు తగిలింది. ఆ ఏడు దాదాపు కోటీ అరవై లక్షల బేళ్ల పంట పండింది. ఐరోపాకు సరుకు కదలలేదు. న్యూయార్క్ పత్తి ఎక్స్ఛేంజీ జులై 31న మూతపడి మళ్లీ నవంబరులో గానీ తెరుచుకోలేదు. ధర సగానికి పడింది. పంట చేతికొచ్చాక కొనేవాడు లేకపోవడం ఎలా ఉంటుందో గుంటూరు, ఒంగోలు పక్క రైతులకు వేరే చెప్పనక్కర్లేదు. పత్తితో గన్‌కాటన్ అనే పేలుడు మందు తయారవుతుంది. అందుకే 1915 ఆగస్టులో బ్రిటన్ దాన్ని జర్మనీకి చేరకూడని సరుకుల జాబితాలో చేర్చింది. దక్షిణాది మండిపడకుండా, ధర నిలిచేలా తానే కొంటానని లోపాయికారీగా ఒప్పుకుంది. ఈ బేరంతోనే తటస్థత ఒక పక్కకు ఒరిగిందనాలి.

అప్పుల కథా అంతే. పోరాడే దేశాలకు అప్పులివ్వడం తటస్థతకు తగదని విదేశాంగమంత్రి విలియం జెన్నింగ్స్ బ్రయాన్ మొదట్లోనే అడ్డుపడ్డాడు. ఏడాది తిరిగేసరికి, 1915 అక్టోబరులో, బ్రిటన్, ఫ్రాన్సులకు అమెరికా బ్యాంకుల నుంచి 50 కోట్ల డాలర్ల అప్పు పుట్టింది. అప్పటికి బ్రయాన్ పదవిలో లేడు. ఆ డబ్బు తిరిగి అమెరికాలోనే గోధుమలకూ గుండ్లకూ ఖర్చయింది. బ్రిటన్ దిగ్బంధంలో ఉన్న జర్మనీతో వ్యాపారం దాదాపు సున్నాకు వచ్చింది.

బ్రయాన్ తప్పుకున్నది లుసిటానియా గొడవలో. 1915 మే 7న జర్మన్ జలాంతర్గామి ముంచిన ఆ బ్రిటిష్ ఓడలో 1,198 మంది చనిపోయారు. వారిలో 128 మంది అమెరికన్లు. జర్మనీకి విల్సన్ రాసిన ఘాటు లేఖ యుద్ధానికి దారితీస్తుందని బ్రయాన్ భయం. 1916లో ససెక్స్ అనే ఫ్రెంచి ప్రయాణికుల ఓడపై జర్మన్ జలాంతర్గామి దాడి తర్వాత జర్మనీ కాస్త వెనక్కి తగ్గింది. దేశాన్ని యుద్ధానికి దూరంగా ఉంచాడన్న ప్రచారంతోనే ఆ నవంబరులో విల్సన్ మళ్లీ గెలిచాడు.

1917 ఫిబ్రవరి 1న జర్మనీ హద్దుల్లేని జలాంతర్గామి యుద్ధం మొదలుపెట్టింది. మూడో తేదీన అమెరికా దౌత్య సంబంధాలు తెంచుకుంది. అమెరికాపై కలిసి పోరాడదామని, టెక్సస్, న్యూమెక్సికో, అరిజోనా తిరిగి దక్కించుకోవచ్చని మెక్సికోకు ఆశపెట్టిన జర్మన్ విదేశాంగమంత్రి జిమ్మర్‌మన్ టెలిగ్రాము మార్చి 1న పత్రికలకెక్కింది. యుద్ధ తీర్మానాన్ని ఏప్రిల్ 4న సెనేటు 82–6తో, 6న ప్రతినిధుల సభ 373–50తో ఆమోదించాయి. వద్దన్నవారిలో ఆ సభకు ఎన్నికైన తొలి మహిళ జెనెట్ రాంకిన్ ఒకరు.

ఈ తటస్థత భారతీయుల మెడకూ చుట్టుకుంది. భారత స్వాతంత్ర్యం కోరి అమెరికాలో 1913లో పుట్టిన గదర్ పార్టీలో, 1970 దాకా నెల్లూరు జిల్లాలో ఉన్న కనిగిరికి చెందిన దరిశి చెంచయ్య కూడా ఉన్నారు. భారతదేశంలో తిరుగుబాటుకు జర్మనీ సొమ్ముతో కొన్న ఆయుధాలు ఆనీ లార్సెన్ ఓడలో ఉండగానే 1915లో పట్టుబడ్డాయి. కేసు విచారణ మాత్రం 1917 నవంబరులో, అమెరికా తానే యుద్ధంలో ఉన్నప్పుడు, శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైంది. తటస్థ గడ్డమీది నుంచి దండయాత్రకు కుట్ర పన్నారన్న నేరానికి 1918 ఏప్రిల్‌లో గదర్ వీరులతోపాటు జర్మన్ కాన్సల్ ఫ్రాంజ్ బాప్‌నూ దోషిగా తేల్చారు.