రైల్వే స్టేషన్ భోజనాల బల్ల దగ్గర పుట్టిన సంఘం

1957 సెప్టెంబరు తొలివారంలో జ్యూరిక్ నగరంలో ఎటు చూసినా మానసిక వైద్యులే. రెండో ప్రపంచ సైకియాట్రీ మహాసభ అక్కడ జరుగుతోంది. ఆ సందడిలో ఒక సాయంత్రం ముప్పైమందికి కాస్త అటూ ఇటూగా నగర రైల్వే స్టేషన్‌లోని రెస్టారెంటులో భోజనానికి కూర్చున్నారు. వాళ్లలో డాక్టర్లున్నారు, జంతువుల మీద మందులు పరీక్షించే ఫార్మకాలజిస్టులున్నారు, మందుల కంపెనీల వాళ్లూ ఉన్నారు. భోజనాలు ముగిసేసరికి ఒక అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. దానికి లాటిన్‌లో ‘కొలీజియం ఇంటర్నాషనాలే న్యూరో-సైకోఫార్మకొలాజికుమ్’ అని పేరు పెట్టారు. పెట్టినవాళ్లకైనా నోరు తిరిగిందో లేదో గానీ, లోకం మాత్రం సీఐఎన్‌పీ అని పొట్టిగా పిలుచుకుంది. మనసు జబ్బుల మందుల మీద పనిచేసేవాళ్లు దేశాల హద్దులు దాటి పెట్టుకున్న మొదటి సంఘం ఇదే.

అదే వారం, అదే ఊళ్లో, సెప్టెంబరు 6న రోలాండ్ కూన్ అనే స్విస్ డాక్టరు ఒక పత్రం చదివాడు. కాన్‌స్టన్స్ సరస్సు ఒడ్డున మ్యూన్‌స్టర్‌లింగెన్ అనే పల్లెలోని మానసిక చికిత్సాలయంలో ఆయన ఉద్యోగం. గైగీ కంపెనీ పంపిన ఒక మందు స్కిజోఫ్రెనియాకు పనిచేయలేదు గానీ, తీవ్రమైన డిప్రెషన్‌తో మంచానికి అతుక్కుపోయినవాళ్లను లేపి నిలబెట్టిందని ఆయన చెప్పాడు. విన్నవాళ్లు గట్టిగా లెక్కపెడితే డజనుమంది. ఆ మందే ఇమిప్రమైన్. తర్వాతి అరవై ఏళ్లలో వచ్చిన డిప్రెషన్ మందులన్నింటికీ వరసలో పెద్దక్క. గైగీ కూడా మొదట పెద్దగా పట్టించుకోలేదు. కంపెనీలో పలుకుబడి ఉన్న ఒక వాటాదారు తన భార్యకు ఆ మాత్రలు ఇప్పించి, ఆమె కోలుకోవడం కళ్లారా చూశాకే కదలిక వచ్చిందని చెబుతారు. సంఘం ఎందుకు కావలసివచ్చిందో ఈ ఒక్క ఉదంతం చాలు చెప్పడానికి. ఒకరికి తెలిసింది పక్కవాడికి చేరే దారి లేదు.

దారి లేకపోవడానికి కారణం, ఈ తరహా మందులు ఎవరో వెతికితే దొరికినవి కావు, వేర్వేరు రంగాలవాళ్లకు అనుకోకుండా తగిలినవి. పారిస్ దగ్గర రోన్-పూలాంక్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త పాల్ షార్పాంతియే 1950 డిసెంబరులో క్లోర్‌ప్రోమజైన్‌ను తయారుచేసింది అలర్జీ మందుల వరసలో భాగంగా. ఫ్రెంచి నౌకాదళ సర్జన్ ఆన్రీ లాబోరీ దాన్ని వాడింది ఆపరేషన్ షాకు తట్టుకోవడానికి. మందు పడ్డ రోగి స్పృహలోనే ఉండి, తన చుట్టూ ఏం జరుగుతున్నా పట్టనట్టు ఉండటం ఆయన గమనించాడు. ఇది మీ వార్డుల్లో పనికొస్తుంది చూడండని వాల్-ద-గ్రాస్ సైనిక ఆసుపత్రి మానసిక వైద్యుల వెంటపడ్డాడు. 1952 జనవరిలో అక్కడ మేనియాతో ఊగిపోతున్న ఒక యువకుడికి ఇచ్చారు. ఆ ఏడే సెయింట్-ఆన్ ఆసుపత్రిలో జాన్ డిలే, పియేర్ డెనికేర్ దాన్ని ఒంటరిగా, వేరే మందుల కలగలుపు లేకుండా, వరసగా రోగులకు ఇచ్చి మే నెలలో మంచి ఫలితాలు ప్రకటించారు. మన దగ్గర మానసిక ఆసుపత్రులున్న ఎర్రగడ్డ, చినవాల్తేరు పేర్లు తిట్లయిపోయినట్టే పారిస్‌లో సెయింట్-ఆన్ పేరూ తిట్టే. అంతకుముందు అలాంటిచోట్ల ఉన్నవేమిటి? ఇన్సులిన్ ఎక్కించి కోమాలోకి పంపడం, కరెంటు షాకు, మెదడు ముందుభాగంలో నరాలు కోసేయడం. ఆ చివరిదానికి 1949లో నోబెల్ కూడా ఇచ్చారు!

ఈ కథలో మన దేశం వంతు చిన్నదేమీ కాదు. సర్పగంధి వేరు పిచ్చికి, నిద్రలేమికి వాడటం ఇక్కడ పాత వైద్యమే. 1931లో ఢిల్లీ టిబ్బియా కాలేజీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ, రఫత్ హుసేన్ సిద్దిఖీ ఆ వేరు నుంచి ఆల్కలాయిడ్లు విడదీశారు. అదే ఏడు కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ దాన్ని ఉన్మాదానికి, రక్తపోటుకు వాడి చూసి రాశారు. రాసింది ఇండియన్ పత్రికలో కాబట్టి ఐరోపా కళ్లు అటు తిరగలేదు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుమ్ జాల్ వకీల్ బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశాక గానీ గుర్తింపు రాలేదు. 1952లో బాసెల్‌లోని సీబా కంపెనీ ఆ వేరులోంచి రిసర్పిన్‌ను వేరుచేసింది. న్యూయార్క్ రాష్ట్రంలోని రాక్‌లాండ్ ఆసుపత్రిలో నేథన్ క్లైన్ దాన్ని వందలాది రోగులకు ఇచ్చాడు. జ్యూరిక్‌లో సంఘం పుట్టిన 1957లోనే అమెరికా ఇచ్చే లాస్కర్ బహుమతి అందుకున్నవాళ్ల వరస చూడండి: వకీల్, క్లైన్, లాబోరీ, డెనికేర్, ఇంకొందరు. డిలే పేరు అందులో లేదు. సెయింట్-ఆన్‌లో ఆ పని జరిగిన విభాగానికి అధిపతి ఆయన! ఫ్రెంచి డాక్టర్ల మధ్య ఈ మంట ఏళ్లతరబడి ఆరలేదు.

రిసర్పిన్ మందుగా ఎక్కువకాలం నిలవలేదు. మోతాదు పెరిగితే మనిషి దిగాలుపడిపోతున్నాడన్న అనుమానం, క్లోర్‌ప్రోమజైన్ పోటీ రెండూ దాన్ని పక్కకు నెట్టాయి. కానీ అది చేసిన అసలు మేలు లేబొరేటరీలో. స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రిసర్పిన్ ఇస్తే కదలక మెదలక కూలబడ్డాయి. ఎల్-డోపా ఎక్కిస్తే లేచి తిరిగాయి. ఎల్-డోపా నుంచి మెదడులో తయారయ్యే డోపమైన్ అనే రసాయనం సొంతంగా ఒక పని చేస్తోందని అలా తేలింది. ఇదీ 1957లోనే. 2000లో ఆయనకు నోబెల్ వచ్చింది. సర్జన్, రసాయన శాస్త్రవేత్త, పల్లెటూరి ఆసుపత్రి డాక్టరు, కుందేళ్లతో పనిచేసేవాడు: వీళ్లు చదివే పత్రికలు వేరు, వెళ్లే సభలు వేరు. వీళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టడమే సీఐఎన్‌పీ తలకెత్తుకున్న పని.

ఆ ఆలోచన 1957 మే నెలలో మిలాన్‌లో మొలకెత్తింది. ఎమీలియో ట్రబూకీ, సిల్వియో గరాటీని అక్కడ మానసిక ఔషధాల మీద ఒక అంతర్జాతీయ సమావేశం పెట్టారు. అక్కడి మాటలే జ్యూరిక్ భోజనం దాకా వచ్చాయి. తొలి అధ్యక్షుడిగా ఎర్న్‌స్ట్ రోట్లిన్‌ను ఎన్నుకున్నారు. ఆయన బాసెల్‌లోని శాండోజ్ కంపెనీలో ఫార్మకాలజీ విభాగాన్ని ఏళ్లతరబడి నడిపినవాడు. 1943లో తన సహోద్యోగి ఆల్బర్ట్ హాఫ్‌మన్ పావు మిల్లీగ్రాము ఎల్‌ఎస్‌డీ మింగి మతిపోయినంత పనైందని చెబితే, అంత చిన్న మోతాదుకా అని ముందు నమ్మలేదట. తర్వాత అందులో మూడోవంతు మాత్రం తానే మింగి చూసి ఒప్పుకున్నాడు. మొదటి అధ్యక్షుడు కంపెనీ మనిషి అన్నది గుర్తుపెట్టుకోవాలి. మందుల కంపెనీలు ఇలాంటి సంఘాల్లోకి తర్వాతెప్పుడో దొడ్డిదారిన జొరబడ్డాయని కొందరు రాస్తుంటారు. నాకు అలా కనిపించదు. వాళ్లు మొదటిరోజే భోజనాల బల్ల దగ్గర, అదీ పెద్దపీట మీద కూర్చున్నారు. ఎవరూ దాచలేదు కూడా. ఆ రోజుల్లో కొత్త అణువులున్నది కంపెనీల దగ్గర, రోగులున్నది ఆసుపత్రుల దగ్గర.

మొదటి మహాసభ 1958 సెప్టెంబరులో రోమ్‌లో. అంతకు ఇరవై ఏళ్ల ముందు, 1938లో, చెర్లెత్తి, బీనీ అనే డాక్టర్లు మొదటి కరెంటు షాకు ఇచ్చిన ఊరే అది. సెప్టెంబరు 9న పోప్ పన్నెండో పయస్ ప్రతినిధులను ఉద్దేశించి మాట్లాడాడు. ఈ కొత్త మందుల విషయంలో మనిషి గౌరవాన్ని, పరిశోధనకు ఉండాల్సిన నైతిక హద్దులను గుర్తుచేశాడు. సరిగ్గా నెలకు, అక్టోబరు 9న ఆయన కన్నుమూశాడు. ప్రతినిధులు ఆ మాటలు ఎంతవరకు చెవికెక్కించుకున్నారో ముందుకు వెళ్లాక చూద్దాం.

అక్కడినుంచి రెండేళ్లకోసారి: 1960లో బాసెల్, 1962లో మ్యూనిక్, 1964లో బర్మింగ్‌హామ్, 1966లో వాషింగ్టన్. ఈ సభల్లో జరిగిన పెద్ద వాదం ఏ మందు గొప్పదని కాదు, మందు పనిచేసిందని ఎలా తెలుస్తుందని. కూన్ పద్ధతి రోగితో గంటలకొద్దీ మాట్లాడటం. లీడ్స్‌లో మాక్స్ హామిల్టన్ 1960లో 17 అంశాల కొలబద్ద ప్రకటించాడు. నిద్ర, ఆకలి, అపరాధ భావం, ఆత్మహత్య ఆలోచన... ఒక్కోదానికి అంకెలు వేసి కూడితే డిప్రెషన్ ఎంతో తేలుతుంది. కొలబద్దే గెలిచింది. గెలవక తప్పదు కూడా. వేర్వేరు దేశాల్లో వందలమంది రోగుల మీద మందునూ ఉత్తుత్తి మాత్రనూ పోల్చాలంటే అందరికీ ఒకే తూకంరాళ్లు కావాలి. ఆ లాభానికి చెల్లించిన మూల్యం ఏమిటంటే, 17 ప్రశ్నల్లో పడని మార్పు ఇక ఎవరి కంటా పడదు. కూన్ చివరిదాకా ఈ పద్ధతిని ఒప్పుకోలేదు.

సంఘాలు ఈలోగా పిల్లలు పెట్టాయి. అమెరికాలో 1961లో ఏసీఎన్‌పీ వచ్చింది. పరిమిత సభ్యత్వం, కట్టుదిట్టమైన ఎంపిక. బ్రిటన్ సంఘం 1974లో, యూరప్ సంఘం ఎనభైలలో. ఇక రాజకీయాల తాకిడి వేరే. 1968 మేలో పారిస్ విద్యార్థుల తిరుగుబాటు డిలే కార్యాలయాన్నీ వదల్లేదు. పిచ్చి అనేదే సమాజం వేసిన ముద్ర, మందు అంటే రసాయన సంకెల అన్న వాదం అప్పుడు పతాక స్థాయిలో ఉంది. వాళ్లు అన్నదంతా తప్పు కాదు. క్లోర్‌ప్రోమజైన్ తరహా మందుల వల్ల కొందరికి మూతి, నాలుక, చేతులు వాటంతటవే ఆడే జబ్బు వస్తుందనీ, మందు ఆపినా ఒక్కోసారి పోదనీ అప్పటికే తెలిసింది. 1970లో మహాసభ ప్రాగ్‌లో జరిగింది. రష్యా ట్యాంకులు ఆ వీధుల్లోకి దిగి అప్పటికి రెండేళ్లు. తూర్పు దేశాల డాక్టర్లకు పశ్చిమం వాళ్లతో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడే అవకాశం అలాంటి సభల్లోనే దొరికేది.

తర్వాతి దశాబ్దాల మహాసభల చిట్టా విప్పను. అవి వేల మంది వచ్చే జాతరలయ్యాయి. పనికొచ్చినవి రెండు మూడు చెప్పుకోవచ్చు. 2007లో డిప్రెషన్ మందుల మీద ఉన్న సాక్ష్యాలన్నీ వడపోసి సీఐఎన్‌పీ కార్యదళం నివేదిక ఇచ్చింది. 2017లో బైపోలార్ జబ్బుకు చికిత్సా మార్గదర్శకాలు ఇచ్చింది. 2014లో అయిదు సంఘాలు కలిసి మందులకు కొత్త వర్గీకరణను ముందుకు తెచ్చాయి. నిద్రపట్టక, బెంగతో వచ్చిన మనిషికి డాక్టరు రాసిన మాత్ర స్కిజోఫ్రెనియా మందు అని ఇంటర్నెట్‌లో కనిపిస్తే అతను ఇంటికెళ్లి ఏం చేస్తాడు? డబ్బా పక్కన పడేస్తాడు. అందుకని జబ్బు పేరుతో కాకుండా, మెదడులో అది పట్టుకునే రసాయన వ్యవస్థను బట్టి మందును పిలవాలన్నారు. వైద్య పత్రికలు కొన్ని పాటిస్తున్నాయి. మన మందుల షాపులదాకా ఇంకా రాలేదు.

నా మటుకు ఈ సంఘాలు చేసిన అతి విలువైన పని తమ చరిత్ర తామే రాయించడం. తొలితరం వాళ్లు ఒక్కొక్కరే పోతుంటే హంగరీలో పుట్టి కెనడాలో స్థిరపడ్డ థామస్ బాన్ వాళ్లచేత చెప్పించి రాయించే పనికి పూనుకున్నాడు. 1998 నుంచి 2004 దాకా సీఐఎన్‌పీ కథ నాలుగు సంపుటాలుగా వచ్చింది. 2011లో అమెరికా సంఘం ఇంటర్వ్యూలు పది సంపుటాలుగా వచ్చాయి. స్టేషన్ భోజనం, లాస్కర్ గొడవ, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు, అన్నీ ఇలాంటి జ్ఞాపకాల వల్లే నిలిచాయి. కానీ అందులో మాట్లాడినవాళ్లంతా మాత్ర ఇచ్చినవాళ్లే. మింగినవాళ్ల కథ బయటపడింది వేరేచోట, కూన్ వదిలిపోయిన కాగితాల్లో.

కూన్ 2005లో చనిపోయాక ఆయన కాగితాలు మ్యూన్‌స్టర్‌లింగెన్ ఉన్న తుర్గావ్ రాష్ట్ర పత్ర భాండాగారానికి చేరాయి. ఆ రాష్ట్ర ప్రభుత్వమే ఖర్చు పెట్టి చరిత్రకారులచేత పరిశీలింపజేసింది. 2019లో ఫలితం బయటపడింది. మ్యూన్‌స్టర్‌లింగెన్‌లో దశాబ్దాలపాటు కనీసం 67 పదార్థాలను వెయ్యిమందికి పైగా రోగుల మీద పరీక్షించారు. చాలామందికి తాము పరీక్షలో ఉన్నామనే తెలియదు. పిల్లల ఆశ్రమాల నుంచి వచ్చినవాళ్లూ అందులో ఉన్నారు. కంపెనీల నుంచి కూన్‌కు భారీగా డబ్బు ముట్టింది. అప్పటి నియమాలు వేరు కదా అనొచ్చు. ఆ మాటతో పూర్తిగా కొట్టిపారేయలేం. రోమ్‌లో పోప్ మాట్లాడింది 1958లోనే. రోగితో గంటలు గంటలు మాట్లాడి, కొలబద్దను ఈసడించి, ఇమిప్రమైన్‌ను లోకానికిచ్చిన మనిషీ, చెప్పకుండా మాత్రలు మింగించిన మనిషీ ఒక్కరే. ఒకదాన్ని చెరిపి ఇంకోదాన్ని ఉంచడం కుదరదు.

కంపెనీల విషయానికొస్తే, 2010లో గ్లాక్సోస్మిత్‌క్లైన్, ఆస్ట్రాజెనెకా కొన్ని వారాల తేడాలో మానసిక ఔషధ పరిశోధన నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించాయి. ఖర్చు ఎక్కువ, గెలుపు అరుదు. పెద్దపీట మీద కూర్చున్నవాళ్లే లేచి వెళ్లిపోవడంతో సంఘాలు కంగారుపడ్డాయి. అప్పటిదాకా కంపెనీల ప్రభావం ఎక్కువైందని విసుక్కున్న ప్రొఫెసర్లే, కంపెనీలు మళ్లీ రావాలంటే ఏం చేయాలని సమావేశాలు పెట్టారు. ఇప్పటికీ కంపెనీల డబ్బు పూర్తిగా పోలేదు. కాకపోతే ప్రతి ఉపన్యాసకుడూ మొదటి స్లైడులో తాను ఏయే సంస్థల నుంచి పారితోషికం తీసుకున్నాడో చూపించాలి. కొందరి జాబితా చాలా పొడుగు, అక్షరాలు చాలా చిన్నవి. చదవడం మొదలుపెట్టేలోగా రెండో స్లైడు వచ్చేస్తుంది.