స్వర్ణ-సబ్1

స్వర్ణ-సబ్1 ముంపును తట్టుకునే వరి రకం. దీనికి మూలమైన స్వర్ణ (ఎంటీయూ 7029) మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో వశిష్ఠ, మసూరి రకాల సంకరంతో పుట్టి 1982లో విడుదలైంది. దిగుబడికి పేరుమోసి తూర్పు రాష్ట్రాలన్నిటికీ పాకింది. ముంపు ముందు మాత్రం నిలవలేదు.

గోదావరి గౌతమి, వశిష్ఠ పాయల నడుమనున్న కోనసీమకు ఆ లోటు బాగా తెలుసు. సార్వా నాట్లు పడిన కొత్తలో భారీ వర్షం కురిసి, పూడిన మురుగు కాలువలు ఎగదన్నితే అమలాపురం, రాజోలు పల్లపు చేలల్లో నారు కుళ్లిపోతుంది. 2011లో ఇక్కడి రైతులు సార్వాకు పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర, కూలి ఖర్చులతో పాటు మురుగు పారుదలా వారి గోడులో భాగమే.

మామూలు వరి నీట మునిగితే మొక్కలో ఇథిలిన్ వాయువు పేరుకుంటుంది. ఆకులు పైకి చేరాలని సాగిపోతాయి, దాచుకున్న పిండిపదార్థం కాస్తా అయిపోతుంది. నీరు తీసేసరికి మొక్క పాలిపోయి బురదలో వాలిపోతుంది. ఒడిశా సంప్రదాయ వరి ఎఫ్ఆర్13ఎ తీరు వేరు. అది ఎదుగుదల ఆపుకుని, రెండు వారాల దాకా ఓర్చి, నీరు తీశాక కొత్త ఆకు తొడుగుతుంది.

ఈ గుణం 9వ క్రోమోజోముపై ఉందని 1996లో కెనాంగ్ షూ, డేవిడ్ మ్యాకిల్ గుర్తించారు. దానికి కారణమైన సబ్1ఎ జన్యువు 2006లో వెల్లడైంది. ఎదుగుదలను పురిగొల్పే జిబ్బరెలిన్ హార్మోను ప్రభావాన్ని అది అణచిపెడుతుంది.

ఎఫ్ఆర్13ఎ సంతతి వరితో కలిపిన స్వర్ణను మళ్లీ మళ్లీ స్వర్ణతోనే సంకరపరుస్తూ, డీఎన్ఏ గుర్తుల సాయంతో ఆ ఒక్క సబ్1 జన్యుభాగాన్నే నిలబెట్టారు. ఈ పద్ధతిని వివరిస్తూ 2007లో వచ్చిన పరిశోధన పత్రానికి ప్రథమ రచయిత్రి సి.ఎన్. నీరజ. 2009లో స్వర్ణ-సబ్1 భారత రైతుకు అందింది. స్వర్ణ ధాన్యం పొట్టు బంగారు రంగు. స్వర్ణ-సబ్1 పొట్టు గడ్డి రంగు.

సబ్1 పనిచేసేది పైరు ఎదిగే దశలోనే. అక్టోబరు, నవంబరు తుపాన్లకు పడిపోయిన కోత చేనును అది కాపాడలేదు. నెలల తరబడి నిలిచే నీటికీ మందు కాదు. అల్లవరం, కాట్రేనికోన వంటి తీర మండలాల ఉప్పు నేలలకు కావలసింది వేరే జన్యుభాగం: కేరళ పొక్కలి వరిలోని సాల్టాల్. రెండు వారాల్లోపు నీరు తీయించడం మురుగు కాలువల పని. అది జరగకపోతే ఏ విత్తనమూ గట్టెక్కించలేదు.