రంగము వలస - అమెరికా వాదము: ఉత్తరాంధ్ర చరిత్ర సాక్ష్యము

పరదేశమునుండి వచ్చిన శ్రామికుడు స్వదేశీయుని నోటికూడు తీయుచున్నాడా, లేక స్వదేశీయులు చేయని పనిని చేసి ఆ దేశసంపదను పెంచుచున్నాడా? అమెరికా సంయుక్త రాష్ట్రముల రాజకీయములలో ఈ ప్రశ్న మరల ప్రధానస్థానము నాక్రమించినది. హెచ్-1బి అను ఉద్యోగానుమతిని గూర్చి 2024 డిసెంబరులో ఒకే నాయకుని బలపరచిన వర్గముల నడుమనే తీవ్రవివాదము చెలరేగినది. విదేశీ నిపుణులు లేనిదే పరిశ్రమ ముందునకు సాగదని ఒక వర్గమువారనిరి. అమెరికా ఉద్యోగుల జీతములను తగ్గించుటకే ఆ అనుమతి ఉపయోగపడుచున్నదని రెండవ వర్గమువారనిరి. 2025 సెప్టెంబరులో ఆ దేశాధ్యక్షుడు క్రొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించుచు ప్రకటన గావించెను. నాడు ఆ వార్త తెలుగునాట ఎన్నో యిండ్లలో కలవరము పుట్టించినది.

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలకు ఈ వాదము క్రొత్తది కాదు. మన తాతముత్తాతలు 'రంగము' అని పిలిచిన రంగూను నగరమున ఇదే వాదము జరిగినది, నెత్తుటితో ముగిసినది. ఆ చరిత్ర నేటి అమెరికా చర్చను అర్థము చేసికొనుటకు ఎంతవరకు తోడ్పడునో ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి.

ముందుగా ఒక భౌగోళిక విషయము. శ్రీకాకుళము జిల్లా 1950లోను, విజయనగరము జిల్లా 1979లోను ఏర్పడినవి. అంతకుముందు ఈ ప్రాంతము మదరాసు రాజధానిలోని గంజాము, విశాఖపట్టణము జిల్లాలలో చేరియుండెను. కావున వలస వృత్తాంతమును ఆ పేర్లక్రిందనే వెదకవలసియున్నది. 1852లో దిగువ బర్మా ఆంగ్లేయుల వశమైన తరువాత అచట వరిసాగు విస్తరించినది. ఇచటనో సేద్యము వానలపై ఆధారపడినది. 1866, 1896-97 సంవత్సరముల కరవులు పల్లెలను పీల్చి పిప్పిచేసినవి. కళింగపట్నము, భీమునిపట్నము, విశాఖపట్టణము మొదలగు రేవులలో ఓడలెక్కి కూలీలు రంగమునకు తరలిపోయిరి. వరికోతలు, బియ్యపు మిల్లులు, రేవులోని బరువుపనులు వారికి జీవనాధారములైనవి. కోరంగి కాకినాడ చెంతనున్న రేవు. అయినను బర్మాలో తెలుగు కూలీలందరికి 'కోరంగీలు' అను పేరే స్థిరపడినది. పలాసవాడైనను బొబ్బిలివాడైనను అచట కోరంగియే.

ఈ కూలి యజమానునికి నేరుగా పనివాడు కాడు. వాని ఓడఖర్చులకును, ఇంటివద్ద విడిచిపోవు సొమ్మునకును మేస్త్రీ అప్పుపెట్టెడివాడు. కూలిడబ్బు మేస్త్రీ చేతిమీదుగా వచ్చెడిది. అప్పు, వాటా తీసికొనగా మిగిలినదే కూలికి దక్కెడిది. రంగూనులో వలసకూలీల సంరక్షణశాఖలో పనిచేసిన ఆండ్రూ అను అధికారి 1933లో ప్రకటించిన గ్రంథమున ఈ మేస్త్రీ పద్ధతిని వివరముగా వర్ణించెను. అప్పులోనున్న కూలి తక్కువ కూలికైనను ఒప్పుకొనక తప్పదు. అట్టివానితో పోటీపడవలసిన బర్మీయునికి కోపము కలుగుటలో వింతలేదు.

1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలు కూలి పెంపుకై సమ్మె చేసిరి. ఓడసరకుల గుత్తదారులు బర్మీయులను పనిలో పెట్టుకొనిరి. పిమ్మట తెలుగువారితో రాజీ కుదిరినది. బర్మీయులకు పని లేదనిరి. మే 26న కొట్లాట మొదలై నగరమంతట వ్యాపించినది. నూరుమందికి పైగా మరణించిరి. వారిలో అధికులు భారతీయులు. ఇచట గమనింపదగిన అంశమొకటి కలదు. ఉభయులను పనిలో పెట్టుకొనినది, తొలగించినది గుత్తదారులు. పరస్పరము చంపుకొనినది కూలీలు.

1937లో బర్మా భారతదేశమునుండి వేరుపడినది. 1938లో మరల అల్లరులు చెలరేగినవి. అటుపిమ్మట జేమ్స్ బాక్స్టరు విచారణ జరిపి, భారతీయుల శ్రమ బర్మీయుల శ్రమను మొత్తముమీద తొలగించలేదనియు, దానికి అనుబంధముగానే నిలిచినదనియు తేల్చెను. అయినను 1941 నాటి ఇరుదేశముల ఒడంబడిక వలసవాని అనుమతిపత్రముల చుట్టును తిరిగినది. గాంధీజీ దానిని ఖండించెను. అదే యేడు డిసెంబరులో రంగూనుపై జపానువారి బాంబులు పడినవి. 1942లో లక్షలమంది భారతీయులు బర్మాను వీడిరి. అడవులలో, కొండదారులలో నడచుచు వేలమంది అసువులు బాసిరి.

ఇక అమెరికాను చూతము. 1882లో ఆ దేశము చైనా కూలీల రాకను నిషేధించినది. 1885లో చేసిన శాసనము మరియొక త్రోవ త్రొక్కినది: ముందే ఒప్పందము వ్రాయించుకొని కూలీలను దింపు యజమానునికి జరిమానా విధించినది. అనగా వచ్చినవానితోపాటు రప్పించినవాడును దోషియని అంగీకరించినది. కాని 1917 నాటి చట్టము ఆసియాలో అధికభాగమును నిషిద్ధమండలముగా జేసినది. 1923లో భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యమున అచటి అత్యున్నత న్యాయస్థానము భారతీయులు పౌరసత్వమునకు అర్హులు కారని తీర్పు చెప్పినది. 1946లో ఏటికి నూరుమందికి ద్వారము తెరువబడినది. 1965 నాటి చట్టముతో దేశమునుబట్టి, జాతినిబట్టి లెక్కించు పాతపద్ధతి తొలగినది. 1990లో హెచ్-1బి ఏర్పడినది.

ఈ అనుమతికై దరఖాస్తు చేయునది ఉద్యోగి కాదు, యజమానుడు. ఉద్యోగము పోయినచో ఉద్యోగికి సాధారణముగా 60 దినములకు మించి గడువులేదు. శాశ్వతనివాసమునకు దేశమునకొక పరిమితి యుండుటచే భారతీయులు ఏండ్లతరబడి వేచియుండవలసి వచ్చుచున్నది. యజమానుని విడువజాలనివాడు జీతమునకై గట్టిగా బేరమాడజాలడు. అప్పు లేకున్నను ఈ పరాధీనత మేస్త్రీ పద్ధతిని జ్ఞప్తికి తెచ్చుచున్నది.

పోలికను మితిమీరి సాగదీయరాదు. రేవుకూలికిని కంప్యూటరు నిపుణునికిని జీతమున, గౌరవమున ఎంతో అంతరము కలదు. అంతకంటె ముఖ్యభేదమింకొకటి: అమెరికా తన ద్వారమును తానే తెరచినది, బర్మా ద్వారమును తెరచినవారు ఆ దేశమును జయించిన ఆంగ్లేయులు. బర్మీయుల సమ్మతిని ఎవరును అడుగలేదు. కావున రంగము చరిత్రను మనవారి కష్టముల కథగా మాత్రమే వ్రాయుట న్యాయము కాదు. బర్మీయుల ఆక్రోశమునకును అందు చోటుండవలెను.

అయినను ఒక సత్యము రెండుచోట్లను నిలుచుచున్నది. ద్వారము తెరువవలెనా మూయవలెనా అని ఉభయపక్షములును వాదించును. లోనికి వచ్చినవాడు ఏ కట్టుబాట్లలో పనిచేయుచున్నాడని అడుగువారు తక్కువ. ఆ కట్టుబాట్లే స్థానికుని కూలిని క్రిందికి లాగును. ఆ కోపము మాత్రము వచ్చినవాని తలపై పడును. విడిపోవు స్వేచ్ఛ గల శ్రామికుడు పొరుగువాని కూలికి చేటు తెచ్చుట తక్కువ. రంగము రేవు చెప్పు పాఠమిది.

1964 ప్రాంతమున బర్మానుండి తిరిగివచ్చినవారు నేడు వృద్ధులైనారు. వారి జ్ఞాపకములు, ఇండ్లలోని ఓడచీట్లు, అప్పుపత్రములు, ఉత్తరములు ఇంకను సేకరింపబడవలసియున్నవి. ప్రభుత్వ నివేదికలలో కూలి ఒక సంఖ్య మాత్రమే. అతడు మేస్త్రీకి ఎంత బాకీపడెనో, ఏల మరల ఓడయెక్కెనో చెప్పగలవి ఆ కాగితములే. శ్రీకాకుళ విజయనగర ప్రాంతముల పరిశోధక విద్యార్థులు ఈ పనికి ఆలస్యము లేక పూనుకొనవలెనని మా మనవి.