చదరంగపు గింజల లెక్క

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలు పూర్వం నుండి మెట్టసీమ. గింజ విలువ అక్కడివారికి ఎవరూ చెప్పనక్కరలేదు. చదరంగపు గింజల కథను ఆ సీమను తలచుకొని చెప్పుకొంటే బాగా బోధపడుతుంది.

చదరంగం కనిపెట్టిన సిస్సా అనే విద్వాంసుడు రాజును ఒక కానుక కోరాడట. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇలా అరవై నాలుగు గళ్లూ నింపాలి. కథ కథే గాని మొత్తం మాత్రం నిజం: 18446744073709551615. వెయ్యి బియ్యపు గింజలు 20 గ్రాములనుకొంటే ఇది దాదాపు 36,900 కోట్ల టన్నులు. ఆత్మకూరుకు చేరువలో పెన్నపై ఉన్న సోమశిల జలాశయం 78 టి.ఎం.సి.లది. అలాంటివి రెండు వందలకు పైగా ఉంటే గాని ఆ బియ్యం పట్టదు.

ఈ కథను తన జీవిత చరిత్రల కోశంలో చేర్చిన ఇబ్న్ ఖల్లికాన్ (1211–1282) మొదట దీన్ని నమ్మలేదు. ఇస్కందరియాకు చెందిన ఒక లెక్కల గుమాస్తా వేసి చూపిన తరువాతనే ఒప్పుకొన్నాడు. నాకు ఆయన నమ్మకం కన్నా ముందు కలిగిన ఆ సందేహమే ఎక్కువ నచ్చింది.

అప్పటికి రెండు శతాబ్దాల ముందే అల్-బీరూనీ (973–1048) 'అల్-ఆసారుల్ బాఖియా'లో దగ్గర దారి చూపాడు. 16ను దానితోనే హెచ్చిస్తే 256, దాన్ని దానితోనే హెచ్చిస్తే 65536, మళ్లీ 4294967296, మరొకసారి 18446744073709551616. ఒకటి తీసివేస్తే మొత్తం వస్తుంది. ఈ మెట్లలోనే సంఖ్య గుణం కూడా దాగి ఉంది. మొదటి మెట్టు 16లో ఒకటి తగ్గించి 15 తీసుకోండి. చివరి మెట్టు తప్ప తక్కినవాటికి ఒక్కొక్కటి కలపండి. అప్పుడు 15, 17, 257, 65537, 4294967297 వస్తాయి. వీటి లబ్ధమే మన సంఖ్య. వీటిలో చివరిది 641తో భాగింపబడుతుందని 1732లో ఆయిలర్ కనుగొన్నాడు.

ఇదే సంఖ్య తెలుగులోనూ ఉంది. మహావీరాచార్యుని సంస్కృత గణితాన్ని 11వ శతాబ్దిలో తెలుగు చేసిన పావులూరి మల్లన పేర ప్రసిద్ధమైన ఒక పద్యం ఈ ఇరవై అంకెలనూ మాటలలో చెబుతుంది. బాణాలంటే 5, వేదాలంటే 4, చంద్రుడంటే 1, ఆకాశమంటే సున్న. ఒకట్ల స్థానం నుండి మొదలుపెట్టి వెనక్కు చదువుకోవాలి. మన అబ్జద్ పద్ధతి వేరు. అందులో అక్షరాల విలువలను కూడుతాం, వరుసతో పనిలేదు. కట్టడాలపై హిజ్రీ సంవత్సరం చెప్పడానికి అది చాలు. కాని వెయ్యిని మించిన అక్షరం లేనందున ఇంత సంఖ్యను అది మోయలేదు.

భారతీయుల ఈ మాటల అంకెలను బీరూనీ 'కితాబుల్ హింద్'లో పట్టిక వేసి మరీ వివరించాడు. శాస్త్రాన్ని ఛందస్సులో పెడితే వ్రాయసగాళ్ల తప్పులు బయటపడతాయన్న వారి ఉద్దేశాన్నీ గుర్తించాడు. అది చాలావరకు నిజమే. అయితే 'శర' ఉన్నచోట 'శశి' అని వ్రాసినా గణం చెడదు, ఐదు కాస్తా ఒకటి అవుతుంది! అలాంటి తప్పు లెక్కకే దొరకాలి. ఆత్మకూరు బడిలోని పిల్లవాడు కూడా పలకమీద నాలుగు హెచ్చవేతలు, ఒక తీసివేత చేసి పద్యంతో పోల్చి చూడవచ్చు. ఇరవై అంకెలూ సరిపోతాయి.